పదిహేడు చెరువులకు తెలిసిన మాట

"ఒక్క ఇమేజ్ చాలండీ. ఏ క్లౌడ్‌లో పెట్టినా లేవాలి" అంది ఇందుజ.

"లేస్తుందండీ, కుంటుకుంటూ. ఏ క్లౌడ్‌కి ఆ క్లౌడ్ టూల్స్ వేసి విడిగా చేస్తే పరిగెడుతుంది" అన్నాడు శ్రీకర్.

"రెడీమేడ్ చొక్కా ఎవరికైనా పడుతుంది."

"భుజాల దగ్గర కూర్చోదు. కొలతలిచ్చి కుట్టించుకున్నది వేరండీ."

కొల్లేరు చేపల చెరువుల్లో ఆక్సిజన్ తగ్గితే రైతు ఫోన్‌కి కబురు పంపడం ఏలూరులో వాళ్లిద్దరూ పనిచేసే చిన్న ఆఫీసు పని. రైతులు తలో కంపెనీ క్లౌడ్‌లో మెషీన్ అద్దెకు తీసుకున్నారు. ప్రోగ్రాములన్నీ ముందే సర్దిపెట్టిన అచ్చు పేరే ఇమేజ్. అందులోంచి ఎన్ని మెషీన్లయినా తీయొచ్చు.

ఆర్నెల్లుగా ఇద్దరికీ ఇదే తగువు. ఆమె సెలవు పెట్టి, తగువు లేకుండా పోయిన రోజున శ్రీకర్‌కి అన్నం సయించలేదు. అప్పుడర్థమైంది పాపం, తన జబ్బేమిటో.

ఎదురుగా చెప్పే ధైర్యం లేదు. ఇందుజ టెస్టింగ్‌కి వాడే క్లౌడ్ కోసం ప్రత్యేకంగా చేసిన ఇమేజ్‌లో, లాగిన్ అవ్వగానే కనిపించే స్వాగతం చోట రాశాడు: "ఇందుజ గారూ, మీరంటే నాకు చాలా ఇష్టం. శ్రీకర్." ఆమె తప్ప ఇంకెవరూ తెరవరని అతని ధీమా.

ఆమె తెరిచి చూడనే లేదు. అతని పనితనం మీద నమ్మకంతో, ఆ క్లౌడ్ టూల్స్ మాత్రం తీసేసి, మిగతాది ఉన్నదున్నట్టు, ఎక్కడైనా లేచే జనరిక్ ఇమేజ్‌గా మార్చి పదిహేడు చెరువుల మెషీన్లలోనూ పెట్టేసింది.

పొద్దున్నే గణపవరం రైతు సత్తిబాబు ఫోన్.

"ఏవండీ శ్రీకర్ గారూ, చెరువు సంగతి చూద్దామని తెరిస్తే, మీకు ఇందుజ గారంటే ఇష్టమని చెబుతోందేంటండీ? అమ్మాయి ఒప్పుకుందా అని మా ఆవిడ అడుగుతోంది."

శ్రీకర్ ఫోన్ పెట్టేశాడు. తన పరువు పోతే పోయింది, ఆమె పేరు పదిహేడు చోట్ల నవ్వులపాలైంది. ఇక తన ముఖం చూస్తుందా? రాజీనామా కాగితం రాసుకుని ఆమె టేబుల్ దగ్గరికి వెళ్లాడు.

"తప్పంతా నాదండీ. ఉద్యోగం మానేస్తాను."

ఇందుజ ముఖం ఎర్రగా ఉంది. కోపమో, సిగ్గో అతనికి అంతుపట్టలేదు.

"పొద్దుటి నుంచీ అందరి మెషీన్లలోకీ వెళ్లి చెరుపుతున్నాను. వెళ్లిన చోటల్లా మళ్లీ చదవాల్సి వచ్చింది."

"మిగిలినవి నేను చెరుపుతానండీ."

"పదిహేడూ అయిపోయాయి." ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, వానగాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్క సందులో దోపింది. "ఎక్కడైనా పనిచేసేదే మంచిదని ఇన్నాళ్లూ వాదించాను. ఇలాంటి మాట మాత్రం ఒక్కచోటే తెరుచుకోవాలండీ. అందుకే, మీరు నా కోసం చేసిన ఇమేజ్‌లో దాన్ని చెరపలేదు."

"అంటే..."

"ఆదివారం మా ఊరు గూడెం రండి. మా నాన్నగారు మా బియ్యం మిల్లు దగ్గరే ఉంటారు. ఆయనతో మీరే, మీ నోటితో చెప్పండి. మెషీన్‌ని పంపకండి."

శ్రీకర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. మళ్లీ తెరిచాడు. మూడోసారికి "వస్తానండీ" అన్నాడు.