రెండోసారి చెప్పిన జవాబు

ఒకే మనిషి నెల తిరిగేసరికి ఇంకో మనిషైపోయాడు!

ఫెబా లాప్‌టాప్ తెర మీద మళ్ళీ చూసుకుంది. మణికంఠ, జాలరిపేట, బోటు ఇంజిన్ మెకానిక్. మొదటిసారి కలుపుగోలుతనం ఆకాశంలో, ఆందోళన అట్టడుగున. రెండోసారి సరిగ్గా తలకిందులు.

మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా కొలిచే ప్రశ్నలను తెలుగులో తయారుచేయడమే ఆమె పీహెచ్‌డీ. నెల తేడాతో రెండుసార్లు అడిగినా జవాబులు దాదాపు ఒకేలా రావాలి. అందరివీ వచ్చాయి, ఇతనివి తప్ప.

"ప్రశ్న తప్పా, మనిషి తప్పా తేల్చుకుని రా. ప్రశ్న తప్పయితే మళ్ళీ మొదటి నుంచీ మొదలెట్టాలి," అన్నారు గైడ్.

వానలోనే జాలరిపేట చేరింది. చేపల బుట్ట మీద ప్లాస్టిక్ పట్టా కప్పుతోంది మణికంఠ తల్లి పోతమ్మ.

"మీ అబ్బాయి కొత్తవాళ్ళతో బాగా మాట్లాడతాడా?"

"మావోడా? ఇంజిన్‌తో తప్ప ఎవులితోటీ మాటాడ్డమ్మా! నువ్వొచ్చెల్లిన కాడ్నుంచి దాంతోటీ మాటల్లేవు."

మణికంఠ బోటు పక్కన, టార్పాలిన్ కింద ఉన్నాడు. ఫెబా తల వంచి లోపలికి దూరింది.

"మణికంఠ గారూ, మొదటిసారి నాకు అబద్ధం చెప్పారా?"

అతని చేతిలో స్పానర్ జారి ఇసుకలో పడింది.

"సెప్పాను మేడం."

"ఎందుకు? అక్కడ మా గైడ్ నా ప్రశ్నలే తప్పేమో అంటున్నారు!"

"ఆటి తప్పేటి లేదు. తప్పు నాదే."

ఫెబా ఊపిరి పీల్చుకుంది. "అయితే మిమ్మల్ని నా స్టడీలోంచి తీసేస్తున్నాను."

అతని మొహం వాడిపోయింది. "అంటే... ఇంకిటేపు రారా?"

"స్టడీలో ఉన్నవాళ్ళతో కూర్చుని టీ తాగకూడదు. అది మా రూల్." ఫెబా వాన వైపు చూస్తూ అంది. "లేనివాళ్ళతో తాగొచ్చు. ముందు నిజం చెప్పండి."

నల్లబడ్డ వేళ్ళను గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడుస్తూ చెప్పాడు.

"మీకు ఎలాటోడు నచ్చుతాడో ఆలోసించి, మొదటిసారి ఆడి గురించి సెప్పేసినాను మేడం. ఇంటికెల్లాక నిద్దర పట్టలేదు. మీరు పొరపాట్న ఆడ్ని ఇష్టపడిపోతే నా గతేటని! అందుకే రెండోసారి నన్ను నాను సెప్పుకున్నాను. 'మనసులో మాట చెప్పడానికి వెనకాడతాను' అన్నదానికి అవునన్నాను, గుర్తుందా? ఆ ఒక్క జవాబూ ఇయాల మార్సుకుంటన్నాను. మీరంటే నాకిష్టం."