మిగిలిన ఒక్క ప్రోగ్రామ్

పరీక్ష రోజు పొద్దున్నే ల్యాబ్ తెరిచేసరికి, ప్రోగ్రామింగ్ మొదటి ఏడాది పిల్లలు రాసుకున్న ప్రోగ్రాములన్నీ మాయమై, ఒకే ఒక్కటి మిగిలి ఉంది.

ఆ ఒక్కటి క్లాసులో మొదటి రోల్ నంబరున్న అమ్మాయిది. అదే ఆమె మెడకు చుట్టుకుంది. మధ్యాహ్నం బయటి కాలేజీ నుంచి పరీక్షకుడు వస్తాడు. ఈలోపు దొంగ తేలకపోతే ఆమెను కాలేజీ నుంచి పంపేయక తప్పదన్నాడు ప్రిన్సిపాల్. అన్నాక మనసొప్పక డిటెక్టివ్‌కు ఫోన్ చేశాడు.

ఆవిడ మేనల్లుడిని వెంటబెట్టుకుని వచ్చింది. అసిస్టెంటు అతనే. అత్తయ్య తెలివంటే అతనికి దేవుడి కన్నా గురి.

"నిన్న సాయంత్రం మాస్టారి కంప్యూటర్లో ఎవరో చిన్న ప్రోగ్రామ్ రాసి, రోల్ నంబర్ల వరసలో అన్నీ చెరిపించారు," అన్నాడు ప్రిన్సిపాల్. "పాస్‌వర్డ్ చీటీ కీబోర్డు కిందే ఉంటుంది."

"నిన్న ల్యాబ్‌లో ఆఖర్న ఉన్నది మాస్టారు, నేను, ఈ పాప," అన్నాడు ల్యాబ్ అటెండరు. "నేనైతే మౌస్‌తో ఒక్క దెబ్బకి తీసిపారేస్తా. ప్రోగ్రామ్ రాసే చదువుంటే ఈ వైర్లెందుకు పీకుతానండీ?"

మాస్టారు చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. ప్రోగ్రామింగ్ ఆయనకు ఈ ఏడాదే అంటగట్టారు.

డిటెక్టివ్ మిగిలిన ప్రోగ్రామ్ చదివి అమ్మాయి వైపు తిరిగింది. "లెక్క సున్నాతో మొదలుపెట్టావేంటమ్మా?"

"వరసలో మొదటిదాన్ని మెషిన్ సున్నా అనే లెక్కేస్తుంది మేడమ్. ఒకటి నుంచి మొదలుపెడితే మొదటిది జారిపోతుంది. మా క్లాసంతా ఒకటితోనే రాశారు. మొన్న మాస్టారికి చూపించా."

"ఏమన్నారు?"

"కూర్చోమన్నారు."

డిటెక్టివ్ తర్వాత అందర్నీ కూర్చోబెట్టి, క్లాసు పేర్లన్నీ వరసగా చూపించే ప్రోగ్రామ్ రాయమని అమ్మాయినీ మాస్టారినీ అడిగింది.

అమ్మాయి తెర మీద అన్ని పేర్లూ వచ్చాయి. మాస్టారి వేళ్లు చకచకా కదిలాయి. ఆయన తెర మీద జాబితా రెండో పేరుతో మొదలైంది.

"అత్తయ్యా, మొదటి పేరేదీ?" అన్నాడు మేనల్లుడు.

"ఇక్కడే తల వంచుకుని కూర్చుంది," అందావిడ. "ఆమె ప్రోగ్రామ్‌ని ఎవరూ వదిలిపెట్టలేదురా. చెరిపేటప్పుడు లెక్క ఒకటితో మొదలై, సున్నాలో ఉన్న ఆమెది జారిపోయింది. సున్నా సంగతి తెలిసిన పిల్ల అలా జారనివ్వదు. కావాలని తనదొక్కటే మిగుల్చుకుని అనుమానం నెత్తికెత్తుకోదు. అటెండరుకి రాయడమే రాదు. ఒకటితో మొదలుపెట్టే చెయ్యి ఇంకెవరిదో మీరే చెప్పండి మాస్టారూ."

మాస్టారు తెర ఆపేశాడు. తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు.

"కూర్చోమన్నాను గానీ, ఆ రోజు ఇంటికెళ్లి పుస్తకం తిరగేశానమ్మా. నువ్వే కరెక్టు. ముందురోజు నేర్చుకుని మర్నాడు చెప్పిన పాఠాలు నావి. వచ్చే ఆయన ఏ ప్రోగ్రామ్ తెరిచినా నా తప్పే కనిపిస్తుంది. పిల్లలందరి ముందూ ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అందుకే చెరిపేశాను. తప్పని తెలిసి కూడా చెయ్యి అలవాటుగా ఒకటే కొట్టింది. నిన్ను అంటుంటే పొద్దున్నుంచీ నోరు మూసుకుని కూర్చున్నా చూడు, దానికి అలవాటని చెప్పుకోను. క్లాసు మొత్తంలో సరిగ్గా ఉన్నది నీ ఒక్కదానిదే. అదే మిగిలింది."