బోర్లించని కంచం

పద్మనాభం పొద్దున్నే లేచి కిటికీ తెర తీసేసరికి వినీత్ అప్పటికే పార్కింగ్ లాట్ చుట్టూ పరుగెడుతున్నాడు. మార్చి వచ్చినా పక్కలకి తోసిన మంచు గుట్టలు కరగలేదు. బూట్ల చప్పుడు రెండో అంతస్తుదాకా వినిపిస్తోంది.

"మూడు వారాలుగా ఇదే వరస," అంది దమయంతి ఉప్మా కలుపుతూ. "ఉద్యోగం రాలేదన్న దిగులు అలా తీర్చుకుంటున్నాడేమో."

"పరుగెడితే పోయే దిగులైతే నేనీపాటికి కాలిఫోర్నియా చేరేవాణ్ణి," అన్నాడు పద్మనాభం.

ఆమె నవ్వలేదు. వినీత్ కంచం తీసి బల్లమీద పెట్టింది. అన్నప్రాసననాడు తాడేపల్లిగూడెంలో కొన్న స్టీలు కంచం. అంచుమీద చుక్కలు చుక్కలుగా "చి. వినీత్" అని కొట్టించారు. ఇరవై తొమ్మిదేళ్ళొచ్చినా అందులోనే తింటాడు.

పద్మనాభం న్యూయార్కు పక్కనున్న ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద ఒక కిరాణా కొట్టులో సరుకు సర్దుతాడు. అక్కగారు పెట్టిన దరఖాస్తు పన్నెండేళ్ళు నానాక, 2001లో గ్రీన్ కార్డులు వచ్చాయి. అప్పటికి వినీత్‌కి ఇరవై ఒకటి దాటి రెండు నెలలు. పిల్లవాడి లెక్కలోకి రాడన్నారు. ముగ్గురికి కార్డులు, నాలుగోవాడికి ఒక ఉత్తరం. ఐదేళ్ళు హైదరాబాదులో ఒంటరిగా ఉండి, చివరికి స్టూడెంట్ వీసా మీద వచ్చి ఎమ్మెస్ చేశాడు. చదువు పూర్తయ్యేసరికి కంపెనీలు ఉన్నవాళ్ళనే ఇళ్ళకి పంపుతున్నాయి. జూన్ లోపల ఉద్యోగం దొరక్కపోతే ఆ ఇంట్లో ముగ్గురు ఉండొచ్చు, వాడొక్కడూ వెళ్ళిపోవాలి.

ఫోన్ మోగింది. కూతురు అంకిత తీసింది. పదిహేడేళ్ళ పిల్ల, తెలుగు సగం, ఇంగ్లీషు సగం.

"అమ్మా, ఎవరో సార్జెంట్ అంట. అన్నయ్యకి ఫిజికల్ టెస్ట్ థర్స్‌డే అంట."

"సార్జెంటా? పోలీసులా? ఏం చేశాడే వాడు!"

"పోలీస్ కాదమ్మా. ఆర్మీ."

గరిట గిన్నెలోనే ఆగిపోయింది. అప్పుడే తలుపు తోసుకుని చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు వినీత్. ముగ్గురి మొహాలూ చూశాడు. వాడికి అర్థమైపోయింది.

"కూర్చోండి నాన్నా, చెప్తాను."

"నిలబడే వింటాను. చెప్పు."

"స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళని కూడా ఇప్పుడు ఆర్మీలోకి తీసుకుంటున్నారు. కొన్ని భాషలు వస్తే చాలు. ట్రైనింగ్ అయ్యేలోపు సిటిజన్‌షిప్ ఇచ్చేస్తారు. నేను అప్లై చేశాను."

"ఇరాక్‌లో, అఫ్ఘానిస్తాన్‌లో రోజుకొకడి శవపెట్టె దిగుతోంటే, నువ్వు అప్లై చేశావా? ఎవడు ఎక్కించాడ్రా ఇది నీ బుర్రకి?"

వినీత్ గదిలోకెళ్ళి తన ఫైలు పట్టుకొచ్చాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మీరే నాన్నా."

ఫైల్లోంచి మడత పెట్టిన పసుపు కాగితం తీసి బల్లమీద పెట్టాడు. పద్మనాభం దాన్ని గుర్తుపట్టాడు. నెల క్రితం కోటు వేసుకున్న ఒకావిడ కొట్టుకొచ్చి, నోటీసు బోర్డు మీద అంటించమని కొన్ని కాగితాలిచ్చింది. పద్మనాభం చదువు ఏడో తరగతితో సరి. ఇంగ్లీషు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటాడు. పైన ఏముందో అందలేదు గాని, కింద భాషల పట్టీలో తెలుగు అన్న మాట దొరికింది. సంబరపడిపోయాడు. టిఫిన్ సర్వీసుకీ డాన్సు క్లాసుకీ మధ్య తన చేత్తోనే అంటించాడు. ఒకటి జేబులో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. "మన భాషకి ఇక్కడ గిరాకీ ఉందిరోయ్! పంతులుద్యోగమేమో చూడు," అని కొడుక్కి ఇచ్చింది తనే.

దమయంతి ఆయన వంక ఒక్క చూపు చూసింది. ఆ చూపుకంటే నాలుగు తిట్లు నయం.

"అంటే నేనే పంపుతున్నానన్నమాట," గొణిగాడు పద్మనాభం. మరుక్షణం గొంతు లేచింది. "మా తాత సంగతి తెలుసురా నీకు?"

"యుద్ధానికి వెళ్ళాడని నాయనమ్మ ఒకసారి అంది. మీరెప్పుడూ చెప్పలేదు."

"చెప్పుకోడానికి ఘనకార్యమా? తొంభై ఏళ్ళ కిందట ఇంగ్లండు రాజుకీ జర్మనీ రాజుకీ పడకపోతే మా కొండ్రపాలెంలో దున్నుకునేవాడికేమిట్రా? ఊళ్ళోంచి నలభైమందిని ఓడెక్కించి ఇదే ఇరాక్‌కి, బస్రాకి పట్టుకుపోయారు. అదెక్కడుందో వీళ్ళకి తెలీదు. వీళ్ళున్నారని దానికీ తెలీదు. తిరిగొచ్చినవాళ్ళు పెన్షన్లతో పెంకుటిళ్ళు కట్టారు, పిల్లల్ని బళ్ళో వేశారు. వాళ్ళ మనవలు తాసీల్దార్లయ్యారు. రానివాళ్ళవి పూరిళ్ళే. ఎక్కడి యుద్ధమో మా ఊరిని రెండు ముక్కలు చేసింది. మేం రెండో ముక్కలో పడ్డాం."

"చనిపోతే పెన్షన్ ఇస్తారు కదా నాన్నా?"

"తప్పిపోయాడని రాశారు. పోయాడని మా నాయనమ్మ వేలిముద్ర వేస్తే పెన్షనొచ్చును. వెయ్యలేదు. మా ఊళ్ళో ఒక ఆచారం ఉంది. యుద్ధానికెళ్ళినవాడి కంచం కడిగి బోర్లించరు. వెల్లకిలా ఉంచుతారు. బోర్లిస్తే ఇక రాడని. ఆవిడ ఆ కంచాన్ని యాభై నాలుగేళ్ళు వెల్లకిలా ఉంచింది. రోజూ కొంగుతో తుడిచేది. ఆ కంచం కోసం మా నాన్న కూలికెళ్ళాడు. ఆ కంచం కోసం నేను ఏడో తరగతిలో పుస్తకాలు అటకెక్కించాను. చదువుకుని ఉంటే, ఇదిగో, ఈ కాగితం చదవగలిగేవాణ్ణి!"

అంకిత కళ్ళు తుడుచుకుంది.

"నేను తప్పిపోడానికి వెళ్ళట్లేదు," అన్నాడు వినీత్. "ఐదేళ్ళు నేనక్కడ, మీరిక్కడ. జ్వరమొస్తే ఫోన్‌లో అమ్మ గొంతు వినేవాణ్ణి. మళ్ళీ అది నావల్ల కాదు నాన్నా."

"ఇండియాలో మనుషులు బతకట్లేదా?"

"బతుకుతున్నారు. మరి మీరెందుకు వచ్చారు?"

పద్మనాభం కోటు తగిలించుకుని, తినకుండానే కొట్టుకి వెళ్ళిపోయాడు.

నోటీసు బోర్డు ముందు నిలబడ్డాడు. పసుపు కాగితం అంచున ఫోన్ నంబరు చీలికలు తొమ్మిది ఉండేవి. ఇప్పుడు నాలుగే ఉన్నాయి. చింపుకెళ్ళినవాళ్ళలో తన కొడుకు లేడు. వాడికి మొత్తం కాగితమే ఇచ్చాడుగా. అంటే ఇంకా ఐదుగురు. ఏ ఇళ్ళ వంటగదుల్లో ఏ పొద్దున ఈ మాటలే నడుస్తున్నాయో. కాగితం అంచు పట్టుకున్నాడు.

"పీకేస్తున్నారేంటండీ?" అన్నాడు కొట్టు యజమాని జగన్మోహన్, మిరపకాయల బస్తా దింపుతూ.

"పీకితే ఆగుతుందా?"

జగన్మోహన్ విషయం అడిగి తెలుసుకున్నాడు. అద్దం తలుపు మీద వెలిసిపోయిన ఈ దేశపు జెండా బొమ్మ వంక చూశాడు. "అది మీరంటించిందే కదండీ."

అవును. ఈ దేశం వచ్చిన మూడో నెలలోనే న్యూయార్కులో ఆ జంట మేడలు కూలాయి. ఎవడైనా రాయి విసురుతాడేమోనని వీధంతా జెండాలు అంటించింది. అంతకు ముందు నవ్వుతూ పలకరించే మనుషులు రంగు చూసి దూరం జరిగారు. భయంతో అంటించిన జెండా అది. ఎనిమిదేళ్ళకి కొడుకు భుజం మీదికి ఎక్కుతోంది.

ఆ రోజంతా పప్పు పేకెట్లు సర్దుతూ ఒకటే ఆలోచించాడు. తాత ఎందుకెళ్ళాడో ఎవరికీ తెలీదు. అడిగినవాళ్ళు లేరు. తను అడిగాడు. వాడు జవాబు చెప్పాడు. తినే కంచం దగ్గర నలుగురూ ఉండాలని వెళ్తున్నానన్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి వినీత్ ఉల్లిపాయలు తరుగుతున్నాడు. పద్మనాభం కోటు విప్పకుండానే అడిగాడు. "థర్స్‌డే ఎన్నింటికిరా?"

"ఏడింటికి."

"బస్సొద్దు. నేను డ్రైవ్ చేస్తాను." కాస్త ఆగి అన్నాడు. "ఉప్మా మిగిలిందా?"

దమయంతి మొహం తిప్పుకుని కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది.

జూన్‌లో ఒక సోమవారం పొద్దున వినీత్ ట్రైనింగ్‌కి బయల్దేరాడు. తల పొట్టిగా కత్తిరించుకున్నాడు. చెవులు పెద్దవిగా కనిపిస్తున్నాయి. "అన్నయ్యా, నువ్వు లేకపోతే నేను ఎవరితో ఫైట్ చేస్తాను?" అని అంకిత వాడి చొక్కా పట్టుకుంది. పెసరట్టు తిని, చెయ్యి కడుక్కుని, తల్లి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

దమయంతి డిష్‌వాషర్ తలుపు తీసింది. పద్మనాభం ఆ స్టీలు కంచాన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. పంపు కింద చేత్తో కడిగాడు. అలవాటుకొద్దీ ఆమె అందుకుని గట్టు మీద బోర్లించబోయింది.

"వద్దు," అన్నాడు. వెల్లకిలా పెట్టాడు.

వినీత్ గుమ్మంలో నిలబడి చూశాడు. "మీకది ఇష్టం లేదుగా నాన్నా."

"ఇప్పుడూ లేదు." ఆయన కంచాన్ని గట్టు మీద లోపలికి జరిపాడు. "మా నాయనమ్మ మీద యాభై ఏళ్ళ నుంచి కోపంరా నాకు. ఇవాళ ఆవిడ కాళ్ళు పట్టుకోవాలనుంది. తొందరగా వచ్చి నువ్వే బోర్లించు. అంతవరకూ అదిలాగే ఉంటుంది."

వినీత్‌ని ఎక్కించుకున్న సార్జెంట్ కారు మలుపు తిరిగిపోయింది. పద్మనాభం వంటింట్లోకి వచ్చాడు. కంచంలో నాలుగు చుక్కల నీళ్ళు నిలిచి ఉన్నాయి. చొక్కా అంచుతో తుడిచాడు.