వరదగౌరి పడవ తాడు

కలువకొండ రాజ్యంలో ఏటా వరదగౌరి నాటకం ఆడేవారు. గౌరీదేవి ఒక పడవవాడికి తోడుండి, ఊరినంతా వరద దాటించిన కథ అది. రాజు రత్నకేతువుకు ఆ నాటకమంటే ఎనలేని భక్తి. జనం తాకితే మైలపడుతుందని రంగస్థలం చుట్టూ కంచె కట్టించి, అందరూ కదలకుండా కూర్చొనే చూడాలని శాసించాడు.

ఆ ఏడు పడవవాడి వేషం కట్టిన వీరన్న, పాట మధ్యలో ఉన్నపాటున కొయ్యబొమ్మయిపోయాడు. నెల తిరిగేలోగా శాపం తీరకపోతే ఇక ప్రాణం రాదన్నారు పండితులు. వీరన్న కూతురు చెంగల్వకు పన్నెండేళ్ళు. తండ్రి వేషపు కిరీటం మూటగట్టుకొని, విరుగుడు తెలిసిన ముని కోసం అడవిలోకి నడిచింది.

ముని పుట్టుగుడ్డి. "అడుగుల చప్పుడు వింటే పిచ్చుకంత ఉన్నావు. చూసేవాళ్ళు బొమ్మలైతే ఆడేవాడూ బొమ్మే అవుతాడు, అదే శాపం. ఏదీ, ఆ నాటకం నాకు చూపించు," అన్నాడు.

"మీకెలా చూపించను తాతా?"

"అది నీ తిప్పలు."

చెంగల్వ ఆలోచించి, కిరీటాన్ని ఆయన ఒడిలో పెట్టింది. దానిమీద చెక్కిన అలల వెంట ఆయన వేలిని నడిపిస్తూ కథ చెప్పింది. చిన్న పడవ బొమ్మ దగ్గర ఆ వేలు ఆగిపోయింది.

"చూశాను తల్లీ. విరుగుడులో సగమిదే. మిగతాది కొండవతల గడబిడుడి దగ్గరుంది," అన్నాడాయన.

గడబిడుడు కుదురులేని రాక్షసుడు. "నాటకమా? కూర్చోవాలా? నావల్ల కాదు. మొన్నొకడు పురాణం చెప్పబోతే వాణ్ణే మింగేశాను," అన్నాడు.

"కూర్చోమన్నదెవరు మామా?" అంటూ చెంగల్వ పక్కనున్న దుంగకు ఒక తాడు కట్టింది. "వరదొస్తోంది. ఈ దుంగే పడవ, నిండా జనం. తాడు పట్టుకో. వదిలావో, మునిగిపోతారు."

రాక్షసుడు చెమటలు కక్కుతూ లాగాడు. కథలో పడవ ఒడ్డు చేరినా తాడు వదల్లేదు.

"పసిపిల్లలంతా దిగారా?" అని మెల్లగా అడిగాడు.

"దిగారు మామా. మరి విరుగుడు?"

రాక్షసుడు తాడును ఆమె చేతిలో పెట్టాడు. "నీ చేతిలోనే ఉంది కదే, పిచ్చిదానా. ఈ తాడు తీసుకుపో."

గడువు చివరి రోజుకు చెంగల్వ ఊరు చేరి, కంచె తీయమని వేడుకుంది.

"అమ్మవారి నాటకాన్ని అందరూ ముట్టుకోవడమా?" అన్నాడు రాజు.

"వరదలో అమ్మవారు అందరి చేయీ పట్టుకుంది కదా మహారాజా. మైల అనుకుందా?"

రాజు తానే లేచి కంచె పీకాడు.

ఆ మధ్యాహ్నం జనమే వరద అయ్యారు. నీలిగుడ్డను తలలమీదుగా అలల్లా ఊపారు. చూపులేనివారు కిరీటాన్ని తడిమారు. కొయ్యచేతుల్లో తాడు ఒక కొస ఉంచి, రెండో కొసను ఆఖరి వరుసదాకా అందించారు. పడవ ఒరిగే ఘట్టంలో అందరూ లాగారు, రాజు కూడా. ఉన్నట్టుండి అవతలినుంచి ఎవరో తిరిగి లాగారు.

"గట్టిగా పట్టండయ్యా, ఒడ్డింకా రాలేదు," అంది వీరన్న గొంతు.

రాజు చెంగల్వను నాటకశాలకు పెద్దను చేశాడు. ఆ తాడు ఏటా అరచేతుల రాపిడికి అరుగుతుంది. ఏటా ఊరివాళ్ళు కొత్త పేట వేసి పేనుతారు. పూజకు కట్టిన పూలదండకన్నా అదేమైనా తక్కువదా, మీరే చెప్పండి పిల్లలూ.