డబ్బాకు బొట్టు

ఇలా దగ్గరికి జరిగి కూర్చో తల్లీ. ఆ ఫోను కాసేపు బోర్లించు. లాలాగూడలో రైల్వే క్వార్టర్ల వెనక సందులో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. పోలీసులు రాలేదు, కోర్టుకు ఎక్కలేదు. దసరా పొద్దున ఒక ముసలావిడ బొట్టు పెట్టబోయి ఇంట్లో తగువు తెచ్చింది, అంతే. కానీ ఆ ఇంటి కోడలు సుకన్య ముఖం తలుచుకుంటే చాలు, నాకే నడుము వాల్చాలనిపిస్తుంది. అంత అలసట ఉండేది ఆ పిల్ల ముఖంలో.

ఆ రోజు సెలవు కదా, పొద్దెక్కేదాకా పడుకోవచ్చని ముందురోజే సంబరపడింది సుకన్య. కానీ ఒంటికి సెలవు సంగతి ఎవరు చెప్పాలి? రోజూ లేచే వేళకే మెలకువ వచ్చేసింది. కళ్ళు మూసుకుని కాసేపు అలాగే ఉందామనుకుంది. నానబెట్టిన మినప్పప్పు గుర్తొచ్చింది. గారెలకు రుబ్బాలి. అత్తగారికి వేడినీళ్ళు పెట్టాలి. లేచింది.

రోజూ ఇంతే. వండి, సర్ది, అత్తగారు బుచ్చమ్మకు మాత్రలు ఇచ్చి, మెట్టుగూడలో మెట్రో ఎక్కి, బేగంపేట ఆఫీసులో పొద్దుగూకేదాకా కంప్యూటరు ముందు కూర్చుని, మళ్ళీ మెట్రోలో నిలబడి ఇంటికి వచ్చి, చున్నీ నడుముకు బిగించి పొయ్యి వెలిగించడం. ఒక్కోరోజు రైల్లో నిలబడే కునికేది. స్టేషన్ దాటిపోయి వెనక్కి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి.

ఆమె భర్త హరికిషన్ మంచివాడే. తాగడు, తిట్టడు. అతనూ ఒకప్పుడు ఆఫీసుకు పోయినవాడే. ఆ ఆఫీసు మూతపడ్డాక ముందుగదిని కార్ఖానా చేసుకుని కూర్చున్నాడు. ఏం చేస్తాడంటావా? వీడియో గేములు ఆడేవాళ్ళకు జాయ్‌స్టిక్ పెట్టెలు చేస్తాడు. ఎడమచేతికి గుండ్రటి తలకాయ ఉన్న పుల్ల, కుడిచేతికి వరసగా బటన్లు. వెనకటి రోజుల్లో గేమ్ పార్లర్లలో నిలువెత్తు మిషన్లకు ఉండేవి చూడు, అలాంటివే, ఒళ్ళో పెట్టుకునేంత. షాపులో దొరికేవి అందరికీ ఒకే కొలత. ఇతని దగ్గరికి వచ్చేవాళ్ళు తమ చేతికి తగ్గట్టు చేయించుకుంటారు. అరచెయ్యి కాగితం మీద పెట్టించి, చుట్టూ పెన్సిల్ గీసి, వేళ్ళు ఎక్కడ వాలతాయో అక్కడే చెక్కకు రంధ్రం వేస్తాడు. పుల్ల కింద స్ప్రింగు కొందరికి మెత్తగా, కొందరికి బిగువుగా. దర్జీ పని లాంటిదే అనుకో.

పూణే నుంచి, కొచ్చి నుంచి కూడా అడిగేవారు. కొన్ని నెలలు తల ఎత్తే తీరిక ఉండదు, కొన్ని నెలలు ఫోనే మోగదు. ఇల్లు నడిచేది మాత్రం సుకన్య జీతం మీద.

ఇంట్లో అందరూ ఆ పెట్టెను డబ్బా అనేవారు. "డబ్బాలు పక్కకు జరిపితే జాడు కొడ్త." "నీ డబ్బాల దుమ్ము పప్పుల పడ్డది." సుకన్య అన్నప్పుడు ఆ మాటకు కొంచెం చేదు అంటుకునేది. బుచ్చమ్మకు చెవులు మందం. ఆమెకు మాట వినబడేది కానీ చేదు వినబడేది కాదు.

ఆ దసరాకు కొన్నాళ్ళ ముందు సుకన్య అన్న దయాకర్ ఫోన్ చేశాడు. మేడ్చల్ వైపు ఒక సేటు గోదాములో సూపర్‌వైజర్ పని ఉందట. "బావ వస్తడా?" అని అడిగాడు. సుకన్య అప్పుడే ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పలేదు. "వస్తడు అన్నా" అనేసింది. భర్తను అడగలేదు. దసరా మంచిరోజు, తీసుకుపోయి సేటుకు చూపిస్తానన్నాడు అన్న. ఆ దసరా రానే వచ్చింది. ఆ మాట ఇంకా ఆమె గొంతులోనే ఉంది.

హరికిషన్ సంచి పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"సుకన్యా, జమ్మి ఆకు, బంతిపూలు తెస్త. ఇంకేమన్న కావాల్నా?"

"నీతోని ఒక ముచ్చట చెప్పాలె."

"వచ్చినంక చెప్పు. జావీద్ డబ్బా కోసం వస్తడు. సాయంత్రం బండికి బెంగళూరు పోతున్నడు, ఆడ గేముల పోటీ ఉంది. టేబుల్ మీద ఉన్నది అదే. ఎవ్వరు ముట్టుకోకుండ్రి."

"ఎవలు ముట్టుకుంటరు నీ డబ్బాను? నాకంత ఓపిక సుత లేదు."

అతను నవ్వి వెళ్ళిపోయాడు. సుకన్య మూకుడు పొయ్యి మీద పెట్టింది. తలంటు పోసుకుని, ఉతికిన చీర కట్టుకుని, బుచ్చమ్మ ఇల్లంతా తిరుగుతోంది.

"సుకన్యా, పసుపు ఏడ పెట్టినవు?"

"దేవుని గూట్ల ఉంది అత్తమ్మా."

"గంధం?"

"ఆ పక్కకే."

"కొబ్బరికాయ కనవడతలేదు బిడ్డా."

"సజ్జ మీద చూడు. అత్తమ్మా, నూనె కాగుతుంది, జెర నా పని నన్ను చేసుకోనియ్యి."

ముసలావిడ ఇక అడగలేదు. రెండో వాయి గారెలు వేస్తుండగా, బజారు నుంచి తిరిగొచ్చిన హరికిషన్ కేక ముందుగదిలోంచి వినబడింది. "అమ్మా!" సుకన్య జల్లిగరిటెతోనే పరుగెత్తింది.

ముందుగదిలో టేబుల్ మీద ఆ పెట్టె పెళ్ళికూతురిలా ఉంది. నాలుగు వైపులా పసుపు. ప్రతి బటన్ మీదా చిక్కటి గంధం, గంధం మీద కుంకుమ. పుల్ల తలకాయకు పెద్ద బొట్టు. పక్కనే కోసిన నిమ్మకాయ, కొట్టిన కొబ్బరికాయ. బుచ్చమ్మ నీళ్ళు దేవుడికి చల్లినట్టు పెట్టె మీద ధారాళంగా చల్లింది. గంధం కరిగి బటన్ల సందుల్లోకి జారుతోంది. హరికిషన్ ఒక బటన్ నొక్కాడు. అది లోపలికి పోయి అక్కడే కూర్చుంది. ఎంతో సేపటికి, ఇష్టం లేనట్టు పైకి వచ్చింది.

"అయిపాయె. లోపలికి పోయినయి నీళ్ళు. ఎంత పని చేసినవే అమ్మా! ముట్టుకోకుండ్రి అని చెప్పి పోయిన గద. నీకేమన్న అర్థమైతదా అసలు?"

తల్లి మీద అతను గొంతు పెంచడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. బుచ్చమ్మ కుంకుమ అంటిన వేళ్ళను చీర చెంగులో దాచుకుంది. సరిగ్గా అప్పుడే, ఇస్త్రీ చొక్కా వేసుకుని దయాకర్ గుమ్మంలోకి వచ్చాడు. సంగతంతా ఒక్క చూపులో చూశాడు.

"పోనీ తియ్యి బావా. ఎట్లున్నా రేపటి సంది ఇవన్ని బంద్ చేసేటియే గద. అంగీ తొడుక్కో, సేటు మనకోసం కూసున్నడు."

"ఏ సేటు?"

దయాకర్ చెల్లెలి వైపు తిరిగాడు. "ఏందే, చెప్పలేదా? వస్తడంటివి గద నాతోని!"

వంటింట్లో గారెలు మాడుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదలలేదు. ముందుగా మాట్లాడింది బుచ్చమ్మే. ఆమెకు సేటు సంగతి వినబడలేదు. కొడుకు ఎందుకు అరిచాడో అక్కడే ఆగిపోయింది.

"నేనేం తప్పు చేసిన బిడ్డా? మీ నాయన చేసిన డబ్బా షెడ్డు దాటుతదంటే, బొట్టు పెట్టకుండ పంపినరా ఎన్నడన్న? ఆయుధ పూజ నాడు మమ్ములందర్ని రైల్వే వర్క్‌షాపు లోపలికి రానిస్తుండె. నిన్ను సంకల ఎత్తుకొని పోయిన. మీ నాయన చెక్కలు బిగించిన డబ్బా తలుపుకు ఈ చేతులతోనే పసుపు రాసిన. మంది ఎక్కి ఎక్కడెక్కడికో పోతరు, మంచిగ పోవాలె అని రాసిన. నీ డబ్బా సుత ఇయ్యాల ఊరు దాటుతదంటివి. ఉత్తగ ఎట్ల పంపుత?"

హరికిషన్ గొంతు దిగిపోయింది. "అది రైలు డబ్బా అమ్మా. ఇది ఆడుకునేటిది."

"ఆడుకునేటిదైతే పొద్దుమాపు నడుము వంచి ఎందుకు చేస్తున్నవు? ఆటబొమ్మలకు ఎవరన్న ఆయుధ పూజ చేస్తరా? నీ పని అనుకున్న. పనికి బొట్టు పెట్టిన."

సుకన్య చేతిలోని జల్లిగరిటె నుంచి నూనె చుక్క నేల మీద పడింది. ఇన్నాళ్ళూ తను డబ్బా అన్నప్పుడల్లా పాత నూనె డబ్బాను కాలితో తోసినట్టు అంది. అదే మాట విని, కొడుకు కూడా తండ్రిలాగే డబ్బాలు కడుతున్నాడని మురిసిపోతూ కూర్చుంది ఈ ముసలావిడ.

హరికిషన్ భార్య వైపు తిరిగాడు. "ఒప్పుకున్నవా?"

"ఒప్పుకున్న."

"నన్ను అడగకుండ?"

"అడిగితే కాదంటవు. కాదంటే మల్ల నేనే. పొద్దున నేనే, రాత్రి నేనే. రైల్ల నిలవడి నిద్రపోతున్న తెలుసా నీకు? మొన్న ఎవరో పెద్దమనిషి భుజం తట్టి, అమ్మా పడిపోతవు అన్నడు. బయటోడు చూసిండు. ఇంట్ల ఉన్నోడు చూడలే."

"అలిసిపోయినవని నాకు చెప్పొచ్చు గద."

"నువ్వెప్పుడు తలకాయ ఎత్తినవని చెప్పాలె?"

ఆమె ఏడుపు పెద్దగా లేదు. ఏడవడానికి కూడా ఓపిక కావాలి కదా తల్లీ. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. హరికిషన్ పెట్టెను పక్కకు జరిపాడు. తర్వాత లోపలికి పోయి చొక్కా తెచ్చుకున్నాడు.

"పద బావా, పోదాం."

దయాకర్ హమ్మయ్య అనుకున్నాడు. కానీ సుకన్య చూస్తోంది. చెక్కలో అంత సన్నటి పని చేసే ఆ వేళ్ళకు చొక్కా గుండీ పట్టడం లేదు. పైగుండీ కింది కాజాలోకి పోతోంది, తీసి మళ్ళీ పెట్టుకుంటున్నాడు. ఈ మనిషి రేపటి నుంచి ఈ ముఖంతోనే గోదాముకు పోతాడు, చీకటి పడ్డాక ఈ ముఖంతోనే వస్తాడు. మరి పప్పు ఎవరు నానబెడతారు? అత్తమ్మకు మాత్రలు ఎవరిస్తారు? తనే. అప్పుడు ఇంట్లో పగలు మనిషి కూడా ఉండడు. తనకు కావలసింది ఒకటైతే, అన్నను అడిగింది ఇంకొకటి.

"ఆగు" అంది. "అన్నా, నేనిచ్చిన మాట నేనే వాపస్ తీసుకుంటున్న. సేటుకు రాడని చెప్పు."

"నీకు పిచ్చి గిట్ల లేసిందా? నా ఇజ్జత్ ఏం కావాలె?"

"నీ కాళ్ళు మొక్కుత, నన్ను తిట్టుకో. తప్పు నాదే. నాకు ఈయన జీతం కావాలని నీకు చెప్పిన. నాకు కావాల్సింది నిద్ర."

ఆ మాటకు దయాకర్ కుర్చీలో కూలబడ్డాడు. సుకన్య కూర్చున్నచోటి నుంచే భర్తతో మాట్లాడింది. గొంతులో కోపం లేదు, ఎప్పుడో చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నట్టు ఉంది.

"పొద్దున వంట నీది. అత్తమ్మను దవాఖానకు తీస్కపోవుడు నీది. ఇంటికొచ్చినంక నేను పొయ్యి ముట్ట. సెలవు నాడు నన్ను లేపొద్దు. చేస్తవా?"

"చేస్త."

"నాలుగు దినాలు చేసి మల్ల డబ్బాలల్ల తలకాయ పెడితే?"

"పెడితే ఈ బటన్లన్నిటికి నువ్వే గంధం రాయి."

దయాకర్ ఆపుకోలేక నవ్వాడు. బుచ్చమ్మకు సగం వినబడింది. "వాడు వండుతడా? ఉప్పు దోసెడు పోస్తడు!" అంది కంగారుగా.

"తిందువులే అత్తమ్మా. నేను సుత తింట" అంది సుకన్య.

హరికిషన్ చొక్కా విప్పి కుర్చీకి తగిలించి స్క్రూడ్రైవర్ అందుకున్నాడు. పెట్టె అడుగు రేకు విప్పాడు. తీగలు ఊడదీసి, బటన్లు ఒక్కొక్కటే బయటికి తోశాడు. వాటి కింద ఉండే చిన్న స్విచ్చులు కొన్నిటికి నీళ్ళు తగిలాయి, వాటిని తీసేసి కొత్తవి పెట్టాలి. మిగతావి తుడిస్తే చాలు. సుకన్య లేచి పొయ్యి ఆర్పి వచ్చింది. పుల్లకు దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి, బటన్ల అంచుల్లో గంధం తుడవసాగింది. ఆ పెట్టె లోపలి భాగం చూడటం ఆమెకు అదే మొదలు. తీగలన్నీ జడ అల్లినట్టు కుదురుగా కట్టి ఉన్నాయి. ఎవరికీ కనబడని చోట ఇంత శుభ్రం ఎందుకో అనుకుంది. మాడిన గారెల్లో బాగున్నవి ఏరి దయాకర్‌కు పెట్టింది బుచ్చమ్మ. అతను గొణుక్కుంటూనే అన్నీ తిన్నాడు.

బోయిగూడ నుంచి జావీద్ వచ్చేసరికి ఆఖరి స్క్రూ బిగిస్తున్నారు. గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చాడు.

"అన్నా, ఏందిది, డబ్బాకు అత్తర్ కొట్టినవా?"

హరికిషన్ సంగతి చెప్పాడు. పోటీ ముందు ఇట్లా అయిందని క్షమించమన్నాడు. జావీద్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని పుల్లను అటూ ఇటూ తిప్పి, బటన్లన్నీ టపటపా నొక్కి చూశాడు. "స్ప్రింగు నేను చెప్పినట్టే టైట్ ఉంది. బటన్లు మక్ఖన్, వెన్న లెక్క నడుస్తున్నయి" అన్నాడు. అడుగు రేకు మీద ఒక మూల పసుపు మరక మిగిలిపోయింది. సుకన్య తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ భాభీ. అమ్మ దువా ఇచ్చి పంపుతుంది. అది తుడుస్తరా ఎవరన్న?"

బుచ్చమ్మకు ఆ మాట బాగానే వినబడింది. వాడి తల మీద చెయ్యి పెట్టి, "మంచిగ పోయి రా బిడ్డా" అంది. రైలు డబ్బాను సాగనంపినట్టే సాగనంపింది.

అతను వెళ్ళాక సుకన్య ముందుగదిలోని మంచం మీద కాసేపు కూర్చుంటానంది. కూర్చున్నదల్లా ఒరిగింది. అంతే, కళ్ళు మూతపడ్డాయి. హరికిషన్ చెక్కపొట్టు ఊడ్చి, బయటి తలుపు దగ్గరగా వేశాడు. గిన్నెలు తోమే చప్పుడుకు ఆమె లేస్తుందేమోనని పెరట్లోకి మోసుకుపోయి అక్కడ తోమాడు. పండక్కి పలకరించ వచ్చిన పక్కింటి విజయమ్మను బుచ్చమ్మ గుమ్మంలోనే ఆపి, నోటి మీద వేలు పెట్టి, "మా కోడలు పండుకుంది, రేపు రా" అని తిప్పి పంపింది.

అదీ సంగతి తల్లీ. గుర్తుపెట్టుకో. రేపు నీ ఇంట్లోనో, నీ స్నేహితురాలి ఇంట్లోనో ఎవరైనా కూర్చున్నచోటే కళ్ళు మూసుకుంటే, ముందు ఒక దుప్పటి కప్పు. లేచాక పక్కన కూర్చుని ఈ సుకన్య కథ చెప్పు. నేను చెప్పినట్టే చెప్పనక్కర్లేదు, ఉప్పూకారం నీ ఇష్టం. ఆ ముసలమ్మ పెట్టిన బొట్టు మాత్రం మరిచిపోకుండా చెప్పు.