కొండ మీద ఓడ కూత

“ఇదే నీ లాస్ట్ అసైన్‌మెంట్,” అన్నాడు చీఫ్ వరహాలరావు.

పోయిన రెండు అసైన్‌మెంట్లకీ చీఫ్ ఇదే మాట అన్నాడు. ఏజెంట్ దేవీప్రసాద్ తల ఊపి మోకాలు చాపుకున్నాడు. వయసు యాభై ఎనిమిది. మోకాల్లో గుజ్జు అరిగింది, రాత్రిళ్లు నిద్ర పట్టదు. దేశభక్తి ఉంది గానీ ఈమధ్య మెట్లెక్కితే దానికీ ఆయాసం వస్తోంది.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విశాఖ హార్బర్ ముఖద్వారంలో, నీటి అడుగున మన సెన్సర్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించే మ్యాప్‌ని ఒక కాంట్రాక్టర్ మైక్రోచిప్‌లోకి ఎక్కించి విదేశీ ముఠాకి ఇచ్చేశాడు. పట్టుబడ్డాక వాడు కక్కింది రెండే ముక్కలు. చిప్ అరకులోని రేవు మ్యూజియంలో దాచారు. గురువారం మధ్యాహ్నం పన్నెండింటికి ఎవరో వచ్చి తీసుకుంటారు. ఆ ఎవరో ఎవరన్నది వాడికీ తెలియదు.

“రేవు మ్యూజియం అరకులో ఏంటి సార్?”

“ఉప్పుగాలికి పాత మ్యాపులు, ఫోటోలు పాడైపోతున్నాయని కొండెక్కించారు. అక్కడ హేమలత నిన్ను కలుస్తుంది.”

హేమలత మన మనిషే. రెండేళ్లుగా ముఠాలో ఉంటూ వాళ్ల కబుర్లు మనకి చేరవేస్తున్న డబుల్ ఏజెంట్. చిప్ తీసుకెళ్లే కొరియర్ పేరు కూడా ఆమే పంపింది. మ్యూజియం తాళాలు కొంగున కట్టుకు తిరిగే అటెండర్ చిట్టెమ్మట, హుకుంపేట వైపు మనిషి. దేవీప్రసాద్ చేయాల్సిందల్లా చిట్టెమ్మని కాసేపు గమనించి, అనుమానం నిజమేనని ఒక్క మెసేజ్ కొట్టడం. జీపులో కాచుకున్న ఇద్దరు కుర్రాళ్లు పన్నెండింటికి ఆమెను ఎత్తుకుపోతారు.

ఒక్క మెసేజే. పన్నెండేళ్ల కిందట పాచిపెంట రోడ్డు మీద కూడా అతను ఒక్క మెసేజే కొట్టాడు. ‘లారీ డ్రైవర్‌కి చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి’ అని. గంగరాజు అనే ఆ డ్రైవర్‌కి ఆరోజు షుగర్ పడిపోయింది, అంతే. ఆ సంగతి తేలేసరికి మనిషి పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. దేవీప్రసాద్‌కి నిద్ర దూరమైంది అప్పుడే. ఇంకోసారి అలాంటి పాపం నెత్తికి చుట్టుకుంటే రిటైరైనా నిద్ర పట్టదని అతనికి తెలుసు.

గురువారం కిరండూల్ పాసింజర్‌లో సొరంగాలన్నీ దాటుకుని అరకులో దిగాడు. రిటైర్డ్ సోషల్ మాస్టారి వేషం. తెల్లమీసం అతికించే పని పడలేదు, సొంతదే ఉంది. కళ్లజోడులో కెమెరా ఉంది గానీ దాని ఛార్జింగ్ బొర్రా దగ్గరే అయిపోయింది. చేతికర్రలో ట్రాన్స్‌మిటర్ ఉంది. సిగ్నల్ లేని ఆ లోయలో అది ఉత్త కర్రగానే పనికొచ్చింది, అదే మేలు.

మ్యూజియం గేటు దగ్గర హేమలత నిలబడి ఉంది. ఆకుపచ్చ నేత చీర, నల్ల కళ్లద్దాలు. సెల్ఫీలు తీసుకుంటున్న కుర్రాళ్లు ఆమెను చూసి తమ ఫోటోల సంగతే మర్చిపోయారు.

“పోటు ఎన్నింటికి మాస్టారూ?” అంది.

“కొండ మీద పోటేమిటమ్మా?” అన్నాడు దేవీప్రసాద్ ఆవులింత ఆపుకుంటూ. కోడ్ కలిసింది.

పక్కనే నడుస్తూ ఆమె గొంతు తగ్గించి చెప్పింది. తను పుట్టింది ఈ కొండల్లోనేనట, జి.మాడుగుల దగ్గర. తండ్రి దిశారి. ఊళ్లో విత్తనానికీ పండగకీ రోజు పెట్టే పెద్దమనిషిని అక్కడ దిశారి అంటారు. ఈ మనుషుల ముఖం చూస్తే మనసు చెప్పేస్తానంది. ఆమె ఫైల్లోనూ అదే ఉంది. ఈ ఏజెన్సీ కొండల గురించి తెలిసిన మనిషి కావాలనే డిపార్ట్‌మెంట్ ఆమెను తీసుకుంది.

లోపల చిట్టెమ్మ నలుగురు టూరిస్టులకి రేవుని చూపిస్తోంది. నలభై ఏళ్లుంటాయి, ముక్కుకి రెండు వైపులా బంగారు పుడకలు. మూటలు ఎత్తే కూలీల ఇనుప కొంకులు, సముద్రం అడుగుకి దిగే గజఈతగాడి రాగి టోపీ, బురదనేల తవ్వి రేవు కడుతున్న నాటి ఫోటోలు, అన్నీ తన సొంతిల్లు చూపించినట్టు చూపించింది. హాలు మధ్యలో గాజుపెట్టె కింద హార్బర్ నమూనా ఉంది. అలల్ని ఆపడానికి రాళ్లు నింపి రెండు పాత ఓడల్ని ముంచేశారని చిట్టెమ్మ చెప్తుంటే దేవీప్రసాద్ ఆ బొమ్మ ఓడల్ని చాలాసేపు చూశాడు. పనికిరావని పక్కన పెట్టకుండా ముంచి మరీ వాడుకున్నారు, మన డిపార్ట్‌మెంట్ లాగే అనుకున్నాడు.

ఒక టూరిస్టు నువ్వసలు సముద్రం చూశావా అని ఆమెను అడిగాడు.

“ఒక్కపాలి సూసినాను బాబూ. దీనికన్నా పెద్దదే,” అంది చిట్టెమ్మ.

పదకొండుంపావుకి హేమలత ఇద్దర్నీ వరండాలోకి తీసుకొచ్చింది. చైత్రం మొదలైంది, ఆవరణలోని చెట్టు నిండా లేత కాయలు. ఒక మామిడికాయ కోసి, ముక్కలు తరిగి, ఉప్పూకారం అద్ది దేవీప్రసాద్‌కి ఇచ్చింది. తనో ముక్క నోట్లో వేసుకుని ఇంకోటి చిట్టెమ్మ ముందు పెట్టింది. చిట్టెమ్మ గభాల్న వెనక్కి జరిగింది. చేతులు వెనక్కి పెట్టేసుకుంది, ముఖంలో రంగు పోయింది. ఒద్దమ్మా ఒద్దని లోపలికి వెళ్లిపోయింది.

“చూశారుగా సార్, ఎంత కంగారో,” అంది హేమలత.

నిజమే, కంగారే. దేవీప్రసాద్ మ్యూజియం ఆఫీసు వైఫై పట్టుకుని మెసేజ్ కొట్టాడు. ‘సబ్జెక్ట్ బెదిరి ఉంది. తిండి కూడా ముట్టలేదు.’ చీఫ్ నుంచి వెంటనే జవాబొచ్చింది: ‘గుడ్. పన్నెండింటికి తీసుకుంటున్నాం.’

ఫోన్ జేబులో పెడుతుంటే చెయ్యి ఆగిపోయింది. చెమటలు పడుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి, తిండి ముట్టలేదు. ఛీ, అనుకున్నాడు. పన్నెండేళ్లయినా బుద్ధి రాలేదు. గంగరాజుని ఆరోజు ఒక్క మాట, ఒంట్లో బాగాలేదా అని అడిగి ఉంటే సరిపోయేది.

మోకాలు పట్టుకుని లోపలికి వెళ్లాడు. చిట్టెమ్మ హారన్‌ని గుడ్డతో తుడుస్తోంది. పాత ఓడ నుంచి విప్పి తెచ్చిన ఆ ఇత్తడి హారన్‌ని ఆమె రోజూ పన్నెండింటికి పిడి లాగి ఊదుతుంది.

“చిట్టెమ్మా, ఆ మామిడి ముక్క ఎందుకు తినలేదు?”

ఆమె అటూ ఇటూ చూసింది.

“మా ఊర్లో మామిడి కొత్త పండగ ఇంకా అవనేదు బాబూ. దిశారి రోజు పెట్టాల, ముందు దేవతకి పెట్టాల, అప్పుడు మేం తింటాం. అంతదాకా రాలిన కాయైనా ముట్టం. మీరు కొండ కిందోరు, మీకు తప్పు నేదు. ఆయమ్మ దిశారి కూతుర్నని సెప్పినాది. సెప్పి, కాయ తినేసినాది. నాకు ఒళ్లు జల్లుమన్నాది.”

చదువుకుని ఊరు వదిలేసిన వాళ్లు పట్టించుకోరేమో అన్నాడు దేవీప్రసాద్.

“తింటే తింటారు. కానీ ఒక్కో ఊరికి ఒక్కో రోజు బాబూ. ఈ నెల్లో ఏ ఇద్దరు కలిసినా ముందు అడిగేది అదే, మీ ఊర్లో కొత్త అయ్యిందా అని. ఆయమ్మ నన్ను అడగనే నేదు.”

దేవీప్రసాద్ నోట్లో పులుపు ఇంకా పోలేదు. దిశారి కూతురికి తెలియకుండా ఎలా ఉంటుంది? ఆమె ఈ కొండల మనిషే కాదు. ఫైలు అబద్ధం, పుట్టుక అబద్ధం, చిట్టెమ్మ మీద చెప్పింది అంతకన్నా అబద్ధం.

“నిన్ను ఇంకేమైనా అడిగిందా?”

కూత ఎంతసేపు ఊదుతావని నిన్నా అడిగింది, ఇవాళా అడిగిందట. ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా అని చెప్పిందట చిట్టెమ్మ.

ఆ ఇరవై అంకెల సేపు హాల్లో పిడుగు పడినా వినపడదు. మూత ఎత్తితే అలారం మోగే గాజుపెట్టె మ్యూజియంలో ఒక్కటే ఉంది, హార్బర్ నమూనాది. టూరిస్టులు ఓడల్ని కెలుకుతున్నారని క్యూరేటర్ ధనరాజు పెట్టించాడని ఇందాక చిట్టెమ్మే టూరిస్టులకి చెప్పింది. చిప్ ఎక్కడుందో అర్థమైపోయింది.

చీఫ్‌కి కాల్ కలిపాడు. రెండేళ్లుగా పనిచేస్తున్న ఏజెంట్‌ని ఒక మామిడికాయ కోసం అనుమానించాలా, నీకు రెస్ట్ కావాలి అని చీఫ్ కాల్ కట్ చేశాడు. టైం పదకొండు యాభై. బయట జీపు స్టార్ట్ అయింది.

దేవీప్రసాద్ చిట్టెమ్మకి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. కూత మొదలుపెట్టి, మూడు అంకెలకే ఆపెయ్యాలి.

“ఆరేళ్లలో ఎన్నడూ ఆపనేదు. ధనరాజు బాబు పనిలోంచి తీసేత్తాడు.”

“ఆపకపోతే నిన్ను పోలీసులు పట్టుకుపోతారు.”

“నానేటి సేసినానని?”

“నువ్వు దొంగవని రాసింది నేనే చిట్టెమ్మా. తిండి ముట్టలేదని రాశాను.”

చిట్టెమ్మ అతనికేసి చూసింది. కోపం లేదు, అదే భరించలేకపోయాడు.

“అడిగితే సెప్పీదాన్ని కదా బాబూ,” అంది.

పన్నెండు. జీపు కుర్రాళ్లు ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి చిట్టెమ్మ వైపు అడుగేశారు. హేమలత తీరిగ్గా నమూనా దగ్గర నిలబడి ఉంది. చిట్టెమ్మ పిడి లాగింది. హాలు దద్దరిల్లింది, టూరిస్టులు చెవులు మూసుకున్నారు. ఒకటి. రెండు. ఒక కుర్రాడి చెయ్యి చిట్టెమ్మ భుజం మీద పడింది. మూడు.

కూత ఆగిపోయింది.

అంత నిశ్శబ్దంలో గాజుపెట్టె అలారం కోడిపిల్లలా పీక్ పీక్ మంటోంది. అందరి తలలూ అటు తిరిగాయి. హేమలత చెయ్యి మూత కింద, మునిగిన రెండో ఓడ మీద ఉంది. వేళ్ల మధ్య మైక్రోచిప్. పరిగెత్తబోయింది గానీ దేవీప్రసాద్ చేతికర్ర అడ్డం పెట్టాడు. పదివేల మీటర్ల రేంజ్ ఉన్న ట్రాన్స్‌మిటర్‌ని ఆ విధంగా మొదటిసారి వాడాడు.

జీపెక్కే ముందు హేమలత, ఎలా కనిపెట్టారని అతన్ని అడిగింది. నేను కనిపెట్టలేదమ్మా అన్నాడు. కూత మధ్యలో ఆపినందుకు ధనరాజు చిట్టెమ్మ మీద లేచాడు గానీ, చిప్ చూసి కూర్చున్నాడు.

చిట్టెమ్మ తను ముట్టకుండా, దేవీప్రసాద్ చేతే చెట్టు నుంచి ఒక కాయ కోయించి అతని సంచీలో వేయించింది. ఒక్కపాలి తిన్నారు సరే, దీన్ని మాత్రం మా కొత్త అయ్యాకే తినండి, నానే ఫోన్ సేత్తాను అంది. ఆ రాత్రి పన్నెండేళ్ల తర్వాత అతను తెల్లారేదాకా నిద్రపోయాడు.

మర్నాడు ఆఫీసులో వరహాలరావు టేబుల్ మీది మామిడికాయని అనుమానంగా చూశాడు.

“ఇదేంటి? ఎవిడెన్సా? లాబ్‌కి పంపలేదేం?”

“దాన్ని ఇంకా ముట్టుకోకూడదు సార్. పైనుంచి క్లియరెన్స్ రాలేదు.”

“ఈ ఆఫీసులో నాకంటే పైన ఎవరయ్యా?”

“దిశారి సార్,” అన్నాడు దేవీప్రసాద్.