ఖట్ వేడినీళ్ల బుగ్గ

కారు ఆగీ ఆగకముందే మాణిక్యం తలుపు తీసుకుని పరుగెత్తింది. బోడికొండల కింద, ఖర్జూర చెట్ల మధ్య ఆడవాళ్లు స్నానం చేసే కొలను ఉంది. నీళ్ల మీద సన్నగా ఆవిరి లేస్తోంది.

అది 1983 జనవరి. మాణిక్యానికి పదేళ్లు. గోదావరి ఒడ్డున ఉన్న ఊరు వదిలి దుబాయ్ వచ్చాక స్నానమంటే ఒక్క బకెట్ నీళ్లే. ఒంటినిండా మునిగి ఎన్నాళ్లయిందో!

వాళ్లమ్మ చిట్టెమ్మ ఒక జపాను ఇంజనీరు ఇంట్లో వంట చేస్తుంది. ఆ ఇంటావిడ మిచికో మేడమే ఇవాళ వాళ్లిద్దరినీ రాస్ అల్ ఖైమా దగ్గరున్న ఈ ఖట్ బుగ్గకు తీసుకొచ్చింది.

మేడమ్ గట్టు మీది కుళాయి చూపించింది. "పహ్లే ఇధర్ సాఫ్," అంది వచ్చీరాని హిందీలో.

"ముందక్కడ ఒళ్లు కడుక్కుని, జుట్టు ముడేసుకుని, అప్పుడు దిగాలంట," అంది చిట్టెమ్మ.

మాణిక్యం వింటేగా! నూనె జడతో, దుమ్ము కాళ్లతో, చేతిలో సబ్బుతో దభీమని దూకింది. ఎంత వెచ్చగా ఉందో! కళ్లు మూసుకుంటే గోదారే. నీళ్లలోనే సబ్బు రుద్దుకుంది. కాళ్లు టపటపా కొట్టింది.

కళ్లు తెరిచేసరికి నీళ్ల మీద నురగ తేలుతోంది. శుభ్రంగా కడుక్కుని వచ్చిన మేడమ్, మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుంది. వెళ్లి చెట్టు కింద కూర్చుని, కొండల వైపు చూస్తూ ఉండిపోయింది.

"అమ్మా, మేడమ్ దిగరా?"

"ఈ సబ్బు నీళ్లలో ఎలా దిగుతారే? వాళ్లూళ్లో కొండ పక్కన ఇలాంటి బుగ్గే ఉందంట. చిన్నప్పుడు వాళ్లమ్మతో కలిసి దిగేవోరంట. ఇప్పుడా అమ్మ లేదు. ఇక్కడికి రావాలని ఎన్నాళ్లనుంచో అనుకుంటన్నారు."

"గోదాట్లో మనం సబ్బు రుద్దుకుంటాం కదమ్మా?"

"గోదారి పారిపోద్ది. ఇక్కడ పదిమందీ ఈ నీళ్లలోనే కూర్చోవాలి కదా."

మాణిక్యం పైకొచ్చింది. కుళాయి దగ్గరున్న చెంబుతో నురగ తోడి, గట్టు అవతల పారబోసింది. మళ్లీ తోడింది. కొలను మూల నుంచి కొత్త నీళ్లు బుడబుడా ఊరుతూనే ఉన్నాయి. తెట్టు మెల్లగా తూము వైపు జారిపోయింది.

తర్వాత కుళాయి దగ్గర కూర్చుంది. చన్నీళ్లకు వణుకుతూనే జడలోని నూనె పోయేదాకా కడుక్కుంది. జుట్టు ముడి వేసుకుని మేడమ్ దగ్గరికి వెళ్లింది.

"సారీ మేడమ్. పానీ సాఫ్ హో గయా. ఆయియే," అంది, నీళ్లు శుభ్రమయ్యాయి రమ్మన్నట్టు.

మేడమ్ నీళ్ల వైపు చూసింది. మాణిక్యం ముడి వైపు చూసి నవ్వింది. వచ్చి, మెడదాకా నీళ్లలో కూర్చుని కళ్లు మూసుకుంది. చాలాసేపటికి, పక్కనున్న నీటిని అరచేత్తో తాకింది.

"మేరీ మా... యహా బైఠ్‌తీ థీ."

వాళ్లూరి బుగ్గలో అమ్మ ఇలా తన పక్కనే కూర్చునేదట.

అల లేవకుండా మెల్లగా దిగిన మాణిక్యం సరిగ్గా అక్కడే కూర్చోబోతోంది. ఆగింది. ఆ కాస్త చోటూ ఖాళీగా వదిలి, ఇవతలగా కూర్చుంది.